గుట్ట ఎక్కేందుకు కరెంటు బండా, పెట్రోల్ బండా: వరంగల్ నేలల మీద పోలిక

ఎలక్ట్రిక్ డర్ట్ బైక్ కొందామనుకునేవాళ్లు మొదట పికప్ ఎంత, టాప్ స్పీడ్ ఎంత అని అడుగుతారు. మట్టి బాట మీద ఆ రెండూ తర్వాతి సంగతులు. మీరు తిప్పే గుట్టకూ మీ ఇంటి ప్లగ్గుకూ మధ్య ఎన్ని కిలోమీటర్లున్నాయి, ఆ గుట్ట దాకా బండి ఎట్లా చేరుతుంది అన్నవే ముందు తేలాలి. మిగతా విషయాల్లో చాలావరకు ఎలక్ట్రిక్‌దే పైచేయి. ఈ రెండింటి దగ్గరే అది ఓడిపోతుంది.

పోలికకు ఎలక్ట్రిక్ వైపు సర్‌రాన్ లైట్ బీ ఎక్స్ తరగతి బండిని తీసుకుందాం. 60 వోల్టుల, 40 ఆంపియర్ అవర్ బ్యాటరీ, ముందూ వెనకా 19 అంగుళాల చక్రాలు, 60 కిలోల లోపు బరువు. పెట్రోల్ వైపు మన దగ్గర ఏ మండల కేంద్రంలోనైనా కనిపించే హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ. 199.6 సీసీ, దాదాపు 19 హార్స్ పవర్, 160 కిలోల చుట్టూ బరువు, ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలు. రెండూ ఒక జాతివి కావు, నిజమే. ఒకటి సైకిల్‌కూ మోటార్‌సైకిల్‌కూ నడుమ పుట్టింది, రెండోది రోడ్డూ మట్టీ రెండూ చేసే పూర్తి బండి. కానీ ఇక్కడ కొనేవాళ్లు ఊగిసలాడేది ఈ రెండు రకాల మధ్యే కాబట్టి పోలిక వీటితోనే పెట్టాలి. స్పెయిన్‌లో తయారయ్యే స్టార్క్ వార్గ్ లాంటి 80 హార్స్ పవర్ మోటోక్రాస్ బండ్ల లెక్క వేరు. అవి ట్రాక్ బండ్లు, మన పరుపు బండల మీద ఆ పవర్‌లో పావు వంతు కూడా వాడలేం.

మొదట బ్యాటరీ లెక్క. 60ని 40తో హెచ్చిస్తే 2,400 వాట్ అవర్లు, అంటే 2.4 యూనిట్ల కరెంటు. లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది గానీ, ఇంజిన్ అందులో ముప్పావు వంతు వేడిగానూ పొగగానూ పారేస్తుంది. చక్రానికి అందేది 2 యూనిట్లకు అటూ ఇటూ. ఎలక్ట్రిక్ మోటారు తనకు అందిన దాంట్లో 80 శాతం పైనే చక్రానికి ఇస్తుంది. అదీ 2 యూనిట్లే. కాబట్టి 12 కిలోలకు పైగా తూగే ఆ బ్యాటరీ డబ్బాను ఒక లీటరు పెట్రోల్ సీసా అనుకోండి. ఎక్స్‌పల్స్ ట్యాంకులో అట్లాంటి సీసాలు 13 పడతాయి.

అయితే ఆ సీసాతో ఎలక్ట్రిక్ బండి ఎక్కువ దూరం పోతుంది, ఎందుకంటే అది మోసేది మూడో వంతు బరువే. గట్టి మొరం బాట మీద, నింపాదిగా నడిపితే కిలోమీటరుకు 45 నుంచి 50 వాట్ అవర్లు చాలు. రాళ్ల గుట్ట ఎక్కుతూ దిగుతూ ఉంటే 60 నుంచి 80. ఎండాకాలం ఎండిపోయిన ఆకేరు వాగు ఇసుకలోనో, ఏటూరునాగారం వైపు గోదావరి ఇసుకలోనో అయితే 80 దాటుతుంది. వాడుకోదగ్గది 2.2 యూనిట్లు అనుకుంటే మొరం మీద 45 కిలోమీటర్లు, గుట్ట మీద 30, ఇసుకలో పాతికలోపే. కంపెనీలు చెప్పే రేంజ్ చదునైన రోడ్డు మీద ఒకే వేగంతో నడిపితే వచ్చేది. దాన్ని చూసి బాట పట్టొద్దు.

తిరుగు ప్రయాణం సగం దగ్గర మొదలుపెట్టడం కూడా తప్పే. ఛార్జ్ 20 శాతానికి దిగాక బ్యాటరీ వోల్టేజ్ పడిపోయి, కంట్రోలర్ (మోటారుకు పోయే కరెంటును అదుపు చేసే డబ్బా) పవర్ తగ్గిస్తుంది. ఆ సమయంలో ఎదురుగా ఎక్కుడు ఉంటే బండి మూలుగుతుంది. 60 శాతం దగ్గర వెనక్కి తిప్పితే నిశ్చింత.

ఇక బండి నడక. ఎక్స్‌పల్స్ మీద నిట్టనిలువు గుట్ట ఎక్కడమంటే ఎడమ చేతి పనితనం. ఫస్ట్ గేర్, క్లచ్ సగం పట్టి, ఇంజిన్ ఆగిపోకుండా రేస్ ఇస్తూ, వెనక చక్రం తిరిగిపోకుండా తగ్గిస్తూ పోవాలి. మధ్యలో రాయి తగిలి వేగం చచ్చిందా, ఇంజిన్ ఆగుతుంది. 160 కిలోల బండిని ఏటవాలులో నిలబెట్టి మళ్లీ స్టార్ట్ చేయడం కొత్తవాళ్లకు చేతకాదు, పడిపోతారు. ఎలక్ట్రిక్‌లో క్లచ్ లేదు, గేర్ లేదు, ఇంజిన్ ఆగడమన్నదే లేదు. రాయి ముందు పూర్తిగా నిలబడి, చూపు సరిచేసుకుని, అక్కడి నుంచే కదలొచ్చు. బుద్ధి అంతా చక్రం ఎక్కడ పెట్టాలన్న దాని మీదే ఉంటుంది. పరుపు బండల మీద, ఇరుకు ఒర్రెల్లో ఈ తేడా హార్స్ పవర్ తేడా కంటే చాలా పెద్దది. ఒక్క ఈ గుణం కోసమే ఎలక్ట్రిక్ కొనొచ్చని నా గట్టి నమ్మకం.

కానీ పెట్రోల్ బండికి అలవాటుపడ్డ చేతికి ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. లైట్ బీలో ఎడమ లివర్ క్లచ్ కాదు, వెనక బ్రేక్. బండి అదుపు తప్పిందనిపించగానే పాత అలవాటున నాలుగు వేళ్లతో ఎడమ లివర్‌ను గట్టిగా గుంజుతారు. క్లచ్ అయితే ఇంజిన్ విడిపోయి బండి నెమ్మదించేది. ఇక్కడ వెనక చక్రం బిగుసుకుపోయి పక్కకు జారుతుంది. దిగుడులో, వదులు మొరం మీద అది నేరుగా పడేస్తుంది. స్కూటీ నడిపినవాళ్లకు ఈ ఇబ్బంది ఉండదు, వాళ్ల ఎడమ చేతికి అది బ్రేకేనని తెలుసు. పెట్రోల్ నుంచి మారేవాళ్లు మొదటి రెండు రోజులు చదును నేల మీద, ఎడమ లివర్ మీద ఒక్క వేలు మాత్రమే పెట్టి నడపాలి. ఒక్క వేలితో గుంజినా ఈ బ్రేకులకు చాలు.

దిగుడులో ఇంకో తేడా. పెట్రోల్ బండిని ఫస్ట్ గేర్‌లో వదిలితే ఇంజినే పట్టుకుంటుంది, బ్రేక్ వేడెక్కదు. ఎలక్ట్రిక్‌లో రీజెన్ (మోటారే బ్రేకులా పట్టి ఆ శక్తిని బ్యాటరీకి తిప్పి పంపడం) ఉన్నా తేలికగా ఉంటుంది, బ్యాటరీ నిండుగా ఉంటే అది కూడా సరిగా పట్టదు. పొడవాటి దిగుడు మొత్తం బ్రేకుల మీదే దిగాలి. ప్యాడ్లు చిన్నవి, సైకిల్ డిస్క్ బ్రేకుల కొలతలో ఉంటాయి. రెండు బ్రేకులూ కాసేపు పట్టి, కాసేపు వదులుతూ దిగాలి. ఒకదాన్నే నొక్కిపెట్టి దిగితే లివర్ మెత్తబడుతుంది. మధ్యలో ఆపాల్సి వస్తే పెట్రోల్ బండిని ఆఫ్ చేసి గేర్‌లో వేస్తే చక్రం కదలదు. ఎలక్ట్రిక్ బండి ఆఫ్ చేసినా దొర్లుతుంది. ఏటవాలుకు అడ్డంగా తిప్పి స్టాండ్ వేయాలి, లేదంటే ఎడమ లివర్‌ను గట్టి రబ్బరు బ్యాండుతో కట్టేయాలి.

పడిన బండిని లేపేముందు తాళం తిప్పి ఆఫ్ చేయాలన్నది ఎలక్ట్రిక్‌లో మొదటి నియమం. చప్పుడు లేదు కాబట్టి బండి ఆన్‌లో ఉన్నట్టే గుర్తుండదు. లేపడానికి కుడి గ్రిప్ పట్టుకోగానే థ్రాటిల్ తిరుగుతుంది, బండి ఎగిరి మీద పడుతుంది. హ్యాండిల్‌కు, చేతికీ కలిపి కట్టుకునే కిల్ స్విచ్ తాడు, అంటే మీరు పడగానే ఊడి మోటారును ఆపేది, వేయించుకుంటే మంచిది.

చప్పుడు లేకపోవడం మన దగ్గర వరమే. పొద్దున్నే ఊరి పక్క నుంచి పోయినా ఎవరికీ ఇబ్బంది ఉండదు, మేకల మంద చెల్లాచెదురు కాదు. అదే కారణాన మేకల కాపరికి మీరు వస్తున్న సంగతీ తెలియదు. పొలం గట్టు మలుపుల్లో, చెరువు కట్ట మీద హారన్ కొట్టాల్సిందే. నడిపేవాళ్లకు మాత్రం ఆ నిశ్శబ్దంలో టైరు మాట వినిపిస్తుంది. పట్టు ఉన్నప్పుడు కరకరమని, జారబోయే ముందు చప్పుడు మారి సరసరమని. పెట్రోల్ బండి మీద ఈ ముందస్తు కబురు అందదు.

వేడి దగ్గరకు వస్తే రెండూ ఇబ్బంది పడేవే, దారులు వేరు. ఎక్స్‌పల్స్‌కు ఆయిల్ కూలర్ ఉంది గానీ రేడియేటర్, ఫ్యాన్ లేవు. గుట్ట మీద 10 కిలోమీటర్ల వేగంలో గాలి తగలదు, దాంతో పాటు సగం పట్టిన క్లచ్ ప్లేట్లు రాసుకుని మాడిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిన తర్వాత లివర్ ఫ్రీ ప్లే (క్లచ్ పట్టే ముందు లివర్ వదులుగా కదిలే దూరం) మారిందేమో చూసుకోవాలి, మారితే ప్లేట్లు అరిగి ఉండొచ్చు. ఎలక్ట్రిక్‌లో వేడి పుట్టేది చక్రం తిరగనప్పుడు. మోటారు తిరుగుతుంటే తనలోనే ఎదురు వోల్టేజ్ పుట్టి కరెంటును అదుపులో పెడుతుంది. చక్రం రాయికి తన్నుకుని ఆగిపోయి మీరు ఫుల్ థ్రాటిల్ ఇచ్చారనుకోండి, ఎదురు వోల్టేజ్ ఉండదు, కరెంటు గరిష్ఠంగా పారి అంతా వేడిగా మారుతుంది. అట్లా కొన్ని సెకన్లు చాలు, కంట్రోలర్ పవర్ కోసేస్తుంది. అది బండి పాడవడం కాదు, తనను తాను కాపాడుకోవడం. 10 నిమిషాలు నీడలో ఆపితే మళ్లీ వస్తుంది. చక్రం తిరగకపోతే థ్రాటిల్ వదిలి, దిగి, ఒక చేత్తో నెట్టండి. 60 కిలోల బండికి ఆ మాత్రం సాయం చాలు.

అసలు ముప్పు ఛార్జింగ్ దగ్గర. లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో వరంగల్ ఎండే ఆ అంకెను తాకుతుంది, గుట్ట దిగి వచ్చిన బ్యాటరీ లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది. రాగానే ప్లగ్ పెడితే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఛార్జింగ్‌ను ఆపేయొచ్చు, ఆపకపోతే సెల్స్ ఆయుష్షు తగ్గుతుంది. ఇంటికి వచ్చాక బ్యాటరీని బయటికి తీసి, నీడలో గచ్చు మీద పెట్టి, డబ్బా చేతికి చల్లగా తగిలే దాకా, అంటే రెండు మూడు గంటలు, ఆగాలి. తెల్లవారుజామున 4 గంటలకు ఛార్జింగ్ మొదలైతే 10 ఆంపియర్ల ఛార్జర్‌తో 8కి అటూ ఇటూగా నిండుతుంది. రేకుల షెడ్డులో, గడ్డివాము పక్కన, బయటికి పోయే గుమ్మానికి అడ్డంగా పెట్టి ఛార్జ్ చేయొద్దు. మంట అంటుకుంటే మీరు పారిపోవాల్సిన దారి అదే.

పొలం దగ్గర మోటారు డబ్బాలోంచి వైరు లాగి ఛార్జ్ చేద్దామనే ఆలోచన వస్తుంది. చేయొద్దు. అక్కడిది త్రీ ఫేజ్. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు ఉంటాయి, పొరపాటున వాటి నడుమ కలిపితే ఛార్జర్ అక్కడికక్కడే పేలుతుంది. ఊళ్లో ఎవరింట్లోనైనా మామూలు 5 ఆంపియర్ల ప్లగ్గు చాలు, ఈ ఛార్జర్ లాగేది 700, 800 వాట్లే.

నీళ్ల విషయంలో ఎలక్ట్రిక్‌కు గాలి పీల్చే ముక్కు లేదు కాబట్టి వాగు దాటేటప్పుడు భయం తక్కువ. పెట్రోల్ బండి ఎయిర్ ఫిల్టర్ దాకా నీళ్లొస్తే, ఇంజిన్ నీళ్లు మింగి కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. నీళ్లలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టకుండా గట్టుకు నెట్టి, స్పార్క్ ప్లగ్ తీసి, నీళ్లు బయటికి చిమ్మేదాకా తిప్పి, ఆయిల్ పాల రంగులోకి మారిందేమో చూడాలి. మారితే ఆయిల్ తీసేయకుండా నడపొద్దు. ఎలక్ట్రిక్‌లో తడి చేరేది కనెక్టర్లలోకి, థ్రాటిల్ సెన్సార్‌లోకి, ఛార్జింగ్ పోర్టులోకి. వాగు దాటి వచ్చినరోజు సీటు తీసి, కనెక్టర్లు విప్పి ఆరబెట్టి, డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తడిని ఆపే గ్రీజు) రాసి బిగించాలి. కారు వాషింగ్ సెంటర్ ప్రెషర్ నీళ్లు ఈ బండికి శత్రువు. బకెట్, బ్రష్ వాడండి.

నల్ల రేగడిలో వానాకాలం రెండూ తిప్పొద్దు. ఆ బంక మట్టి మడ్‌గార్డ్ కింద కూరుకుని చక్రాన్నే ఆపేస్తుంది. లైట్ బీలో మోటారు నుంచి మొదటి అంచె బెల్టు, రెండో అంచె 420 చైను. బెల్టులోకి గులకరాయి దూరితే పళ్లు తెగుతాయి. రాళ్ల బాటలో తిప్పేవాళ్లు ఆ అంచెను కూడా చైనుకు మార్పించుకుంటారు, కాస్త చప్పుడు పెరుగుతుంది గానీ అదే మంచి పని.

టైర్ల దగ్గర ఎలక్ట్రిక్‌కు ఒక ప్రత్యేకమైన జబ్బు. సున్నా నుంచే పూర్తి టార్క్ రావడంతో, గాలి తక్కువుంటే రిమ్ము తిరుగుతుంది, టైరు తిరగదు. ట్యూబ్ వాల్వ్ మొదలు దగ్గర తెగుతుంది. వాల్వ్ వంకరగా నిలబడి కనిపిస్తే అది మొదటి గుర్తు. రిమ్ లాక్ (టైరును రిమ్ముకు అదిమి పట్టే బిగింపు) లేకుండా 18 పీఎస్ఐకి తగ్గొద్దు. రిమ్ లాక్ ఉంటే 12 నుంచి 14 దాకా దించొచ్చు, బండల మీద పట్టు బాగా పెరుగుతుంది. మన దగ్గర సర్కారు తుమ్మ ముళ్లు రెండు బండ్లకూ సమాన శత్రువులు. హెవీ డ్యూటీ ట్యూబులు, లోపల సీలెంట్, సంచిలో ఒక స్పేర్ ట్యూబ్, మూడు టైర్ లివర్లు, చేతి పంపు ఉండాలి. ఎలక్ట్రిక్ 19 అంగుళాల ట్యూబు పరకాలలోనో నర్సంపేటలోనో అడిగితే దొరకదు, రెండు ముందే తెప్పించి పెట్టుకోండి.

మెయింటెనెన్స్‌లో ఎలక్ట్రిక్‌దే సుఖం. ఆయిల్ లేదు, ప్లగ్ లేదు, వాల్వ్ క్లియరెన్స్ లేదు. అన్నిటికంటే ఎయిర్ ఫిల్టర్ లేదు. ఎర్ర చల్క దుమ్ములో గుంపుగా తిప్పే పెట్రోల్ బండికి రెండు మూడు రైడ్లకోసారి ఫిల్టర్ విప్పి చూడకపోతే ఆ దుమ్ము పిస్టన్ రింగుల్ని తినేస్తుంది. ఎలక్ట్రిక్‌లో చూసుకోవాల్సినవి చైను వదులు, బ్రేక్ ప్యాడ్లు, స్పోకులు, స్వింగ్ ఆర్మ్ బేరింగులు. కానీ కంట్రోలర్ పోయిందంటే హనుమకొండలో బాగుచేసేవాళ్లను వెతకడం కష్టం, విడిభాగం వచ్చేదాకా బండి మూలన ఉండాల్సిందే. ఎక్స్‌పల్స్ క్లచ్ కేబుల్ ఏ మెకానిక్ అయినా అరగంటలో వేస్తాడు. కంపెనీ బతికుంటుందా అన్నది కూడా చూడాలి. అమెరికాలో ఆల్టా మోటార్స్ మంచి ఎలక్ట్రిక్ మోటోక్రాస్ బండ్లు చేసి 2018లో మూతపడింది, కొన్నవాళ్లు బ్యాటరీల కోసం అవస్థ పడ్డారు.

ఖర్చు పెద్ద చర్చ కాదు. ఒక ఫుల్ ఛార్జ్‌కు మూడు యూనిట్ల లోపే, అంటే పాతిక, ముప్పై రూపాయలకు మించదు. అదే 30 కిలోమీటర్ల గుట్టకు ఎక్స్‌పల్స్ లీటరు పైన తాగుతుంది, లీటరు వంద దాటి ఎన్నో రోజులైంది.

గుట్ట దాకా చేరడమే అసలు చిక్కు. 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న బండ్లకే రిజిస్ట్రేషన్ మినహాయింపు. లైట్ బీ తరగతి ఆ హద్దు ఎప్పుడో దాటింది. రిజిస్ట్రేషన్ లేని బండిని ఊరి సీసీ రోడ్డు మీద నడిపినా నేరమే, ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ ఉండదు. కాబట్టి దాన్ని టాటా ఏస్‌లోనో బొలెరో వెనకనో వేసుకుని పోవాలి. ఎక్స్‌పల్స్ అయితే నెంబర్ ప్లేటుతో తానే పోతుంది. హనుమకొండ నుంచి ములుగు దాకానే దాదాపు 50 కిలోమీటర్లు, చిన్న బ్యాటరీ మొత్తం దారిలోనే అయిపోతుంది. రోడ్డుకు పనికొచ్చే ఎలక్ట్రిక్ కావాలంటే బెంగళూరు అల్ట్రావయొలెట్ 2025 మార్చిలో ప్రకటించిన షాక్‌వేవ్ ఆ జాతిది. 120 కిలోలు, 14.5 హార్స్ పవర్, 4 యూనిట్ల బ్యాటరీ, ప్రకటించిన ధర 1.75 లక్షలు. చెప్పిన 165 కిలోమీటర్ల రేంజ్ ప్రామాణిక పరీక్షది, గుట్టలది కాదు. పై లెక్క ప్రకారం గుట్టల మీద 50 దగ్గర ఆగుతుందనుకుని బయల్దేరాలి. రిజిస్టర్ అయ్యే ఎలక్ట్రిక్ టూవీలర్లకు తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. రిజిస్టర్ కాని బండ్లకు ఇది వర్తించదు.

పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లోకి, కవ్వాల్ టైగర్ రిజర్వులోకి ఏ బండీ తీసుకుపోవద్దు. చప్పుడు రాదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకోవడం తప్పు. నిశ్శబ్దంగా వచ్చే బండికి జంతువు దగ్గరి నుంచి బెదురుతుంది. పట్టా భూముల్లో అడిగి తిప్పండి, వదిలేసిన మొరం గుంతలు నేర్చుకోవడానికి చక్కగా ఉంటాయి.

ఇంటికి 10, 15 కిలోమీటర్ల లోపు నేల ఉండి, మోసుకుపోయే బండి ఉండి, వారానికి రెండు మూడు గంటలు తిప్పేవాళ్లకు ఎలక్ట్రిక్. పొద్దున పోయి సాయంత్రం రావాలనుకునేవాళ్లకు, ఒక్క బండితో ఆఫీసూ అడవి బాటా చేయాలనుకునేవాళ్లకు ఎక్స్‌పల్స్.

సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కొనేవాళ్లకు ఒక పరీక్ష. కిలోమీటర్ల రీడింగ్ చూసి మోసపోవద్దు, మూడేళ్లు ఫుల్ ఛార్జ్‌లో రేకుల గదిలో పడి ఉన్న బ్యాటరీ 500 కిలోమీటర్లకే సగం చచ్చి ఉండొచ్చు. ప్లగ్గుకూ ఛార్జర్‌కూ మధ్య పెట్టే యూనిట్ మీటరు ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. బండిని పూర్తిగా ఖాళీ అయ్యేదాకా తిప్పి, చల్లారాక ఆ మీటరు ద్వారా నింపండి. 2.4 యూనిట్ల బ్యాటరీ మంచిదైతే, ఛార్జర్‌లో పోయేది కలిపి 2.6 నుంచి 2.8 దాకా తాగాలి. నిండినప్పుడు వోల్టేజ్ 67.2 దగ్గర నిలవాలి. వోల్టేజ్ సరిగ్గా చూపించి యూనిట్లు రెండు దగ్గరే ఆగితే, లీటరు సీసా ముప్పావు లీటరుకు దిగిందని అర్థం. ధర కూడా ఆ లెక్కనే తగ్గించి అడగండి. ఈ పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనొద్దు.